మూడు రోజులు లేని సాక్ష్యం

తూమాటిపాలెం కల్లాల్లో మిరపకాయలు ఎండబోస్తే, ఆ ఘాటుకి వినుకొండ బస్టాండులో టికెట్లు కొట్టే కండక్టరు తుమ్ముతాడని అంకమ్మరావు చెబుతాడు. ఊరికీ బస్టాండుకీ మధ్య పద్నాలుగు కిలోమీటర్లు. పైగా గాలి అన్నాక ఎటు బుద్ధి పుడితే అటు వీస్తుంది. కాబట్టి ఆ మాటలో సగం కొట్టేయండి. మిగిలిన సగం మీద కూడా ఒట్టు పెట్టకండి. అంకమ్మరావు చెప్పే ఏ మాటనైనా ఇలాగే వినాలి. అతని చిన్నప్పుడు వాళ్ళ నాన్న చేలో కాసిన మిరపకాయ మూరెడు పొడవుండేది. దాన్ని మింగిన కోడిపుంజు మూడు రోజులు కూయడం మానేసి మొరిగింది. ఆరో తరగతిలో అతను బడి మానలేదు. చెప్పడానికి అయ్యవార్ల దగ్గర ఇంకేమీ మిగలక బడే అతన్ని బతిమాలి ఇంటికి పంపించింది.

మనిషికి యాభై రెండేళ్ళు. ఎండుకట్టెలా ఉంటాడు. భుజాల మీద తైవాన్ పంపు పట్టీలు ఒరుసుకుపోయి రెండు నల్లటి చారలు పడ్డాయి. పని మిరప చేలకీ పత్తి చేలకీ పురుగుమందు కొట్టడం. ఇరవై లీటర్ల పంపు వీపున వేసుకుని, దాని ఇంజను చెవిలో రొద పెడుతుంటే, సాలు వెంట సాలు నడవాలి. మందు డబ్బా మీద ఒక మనిషి బొమ్మ వేసి ఉంటుంది. ఆ మనిషికి కళ్ళద్దాలు, ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు.

"ఆయన పెళ్ళికి పోతన్నాడు, మనం పనికి పోతన్నాం," అనేవాడు అంకమ్మరావు, చెప్పులు గట్టు మీద విడిచి.

ఇది వారంలో ఆరు రోజుల అంకమ్మరావు. ఏడో రోజున అతను వేరే మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఊరి చివర రేకుల మందిరంలో మగవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుంటాడు. పాటలు అయ్యాక, వాక్యానికి ముందు, పాస్టరుగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడుగుతారు. దేవుడు ఆ వారం తమకి చేసిన మేలు లేచి నిలబడి చెప్పడం ఆ సంఘంలో అలవాటు. తప్పిపోయిన గేదె దొరికిందని ఒకామె చెబుతుంది. మోకాలి నొప్పి తగ్గిందని ఒక ముసలాయన చెబుతాడు. అందరూ "స్తోత్రం" అంటారు, సగం మంది ఆవలిస్తూ. ఆ తర్వాత అంకమ్మరావు లేస్తాడు. ఆవలింతలు ఆగిపోతాయి.

ఏడేళ్ళుగా అతను చెబుతున్నది ఒకటే. ఊళ్ళో దాని పేరు పంపు సాక్ష్యం.

"దర్శి అవతల చేను! మిట్టమధ్యాన్నం! వీపున పంపు! కళ్ళు చీకట్లు కమ్మినై, పడ్డా. నోట్లో నురగ. పైన గద్ద తిరగతా ఉంది. చీమలు కంటి రెప్ప దాకా వచ్చినై. ఏ డాక్టరున్నాడు అక్కడ? ఏ సూదుంది? ఉన్నదల్లా మా గురవమ్మ, ఆమె కన్నీళ్ళు! మూడు గంటలు చచ్చిపడున్నా. అప్పుడు ప్రభువు నా చెయ్యి పట్టుకున్నాడు. లేచా! పంపు మళ్ళీ తగిలించుకుని మిగిలిన రెండు సాళ్ళు కొట్టి ఇంటికొచ్చా!"

స్తోత్రం అన్న కేకకి రేకులు అదిరేవి. పక్క ఊళ్ళ ఉజ్జీవ కూడికలకి అతన్ని పిలిచేవారు. ఒకసారి ఒంగోలు దాకా వెళ్ళి మైకులో చెప్పి వచ్చాడు. అక్కడ పదివేల మంది ఉన్నారని అతను అన్నాడు. కుర్చీలు వేసిన మనిషి నాలుగు వందలన్నాడు.

ఆడవాళ్ళ వైపు గోడకి ఆనుకుని కూర్చునే గురవమ్మ మాత్రం, భర్త ఆ సాక్ష్యం చెబుతున్నంత సేపూ పైటచెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండేది. నిజం తెలిసింది ఆమెకొక్కతికే.

ఏడేళ్ళ కిందట ఆ మొగుడూపెళ్ళాలిద్దరూ సీజను పనికి దర్శి వైపు వెళ్ళారు. అంకమ్మరావు చేలో పడిపోయిన మాట నిజం. గురవమ్మ ఏడుస్తూ ప్రార్థన చేసిన మాటా నిజం. ఆమె ప్రార్థన చేస్తూనే రైతు ట్రాక్టరుకి అడ్డం పడింది. ఆస్పత్రిలో ముందుగా నర్సు అతని చొక్కా కత్తెరతో కోసి అవతల పారేసింది. నాలుగు బకెట్ల నీళ్ళు, ఒక సబ్బు మొత్తం అరిగేదాకా ఒళ్ళు కడిగారు. తర్వాత సూదుల మీద సూదులు, సెలైన్లు. బుధవారం పడ్డ మనిషి శనివారం పొద్దున లేచి కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం సొంత ఊళ్ళో సాక్ష్యం చెప్పడానికి నిలబడినప్పుడు అబద్ధం చెప్పాలని అతనికి లేదు. "పడ్డాను, మా ఆవిడ ప్రార్థన చేసింది, లేచాను" అని, ఆస్పత్రి సంగతి ఎత్తుకోబోయేలోగా జనం స్తోత్రం అన్నారు. అంతమంది నోళ్ళు తనకోసం ఒక్కసారి తెరుచుకోవడం అతని బతుకులో అదే మొదలు. ఆ కేకలో తర్వాతి మాటకి చోటు దొరకలేదు. చెప్పిన మూడు ముక్కలూ నిజమే. మధ్యలో మూడు రోజులు లేవు, అంతే. ఆ ఖాళీలోకి తర్వాత గద్ద వచ్చింది, చీమలు వచ్చాయి, మిగిలిన రెండు సాళ్ళు వచ్చాయి.

ఈ ఏడు నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మొదలైన ఆదివారం, పాస్టరు ప్రేమ్‌చంద్ గారు ఒక కొత్త పద్ధతి పెట్టారు. ప్రేమ్‌చంద్ గారు వారమంతా కుట్టుమిషను తొక్కే టైలరు. ఆయన తన కొలతల పుస్తకంలో పాత కాగితాలు చింపి చీటీలు చేసి, ఒక్కో చీటీ మీద యేసు ప్రభువు గుణం ఒకటి రాసి, స్టీలు గిన్నెలో వేసి తిప్పారు.

"మనం ఆయన్ని పొగుడుతాం, పాడుతాం. ఆయనలాగా ఒక్క రోజు బతికామా? ఎవరికి ఏ గుణం వస్తే అది ఈ నలభై రోజులూ చేసి చూడండి. పండక్కి నాకు చీటీ తిరిగివ్వండి. చెయ్యలేకపోతే చెయ్యలేదని చెప్పండి, నేనేం కొట్టను," అన్నారు.

అంకమ్మరావుకి మౌనం వచ్చింది.

మందిరంలో నవ్వులు ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు ఏసోబు. ముప్పయ్యైదేళ్ళవాడు. అంకమ్మరావుతో జతగా మందు కొడతాడు. వరసకి మావా అని పిలుస్తాడు.

"మావా, నలభై రోజులంటే నువ్వు చచ్చిపోతావు. గిన్నెలో వేసి ఇంకోటి తీసుకో!"

"నవ్వరా అల్లుడూ, నవ్వు. నేను నోరు మూస్తే ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టవు. ఆ పాపం మీ పాస్టరుగారిదే."

ప్రేమ్‌చంద్ గారు కూడా నవ్వి, తర్వాత నెమ్మదిగా చెప్పారు. "ప్రభువుని అధికారి ముందు నిలబెట్టి లేనిపోనివి చెబుతున్నప్పుడు ఆయన నోరు తెరిస్తే బయటపడేవాడే. తెరవలేదు. అంకమ్మరావుగారూ, మిమ్మల్ని మీరు కాపాడుకునే మాట ఒక్కటి మింగి చూడండి. అదీ మౌనం."

"ఒకటేనా? రోజుకి నలభై మింగతన్నా. మీకు వినపడేవి మిగిలినవి," అన్నాడు అంకమ్మరావు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెనక వైపు ఎవరిదో కొలత ఉంది, నడుము ముప్పై నాలుగు అని.

ఏసోబుకి దీనత్వం వచ్చింది. అతని భార్య పున్నమ్మకి క్షమ వచ్చింది.

"నాకు పగోళ్ళెవరున్నారు పాస్టరుగారూ? మా అత్త ఒకతి ఉండేది, ఆమె కూడా పోయింది," అంది పున్నమ్మ. మళ్ళీ నవ్వులు.

ఏసోబు ఆ చీటీని ఆటగానే మొదలుపెట్టాడు. మిరపకాయలు కోసి వచ్చిన ఆడవాళ్ళకి చేతులు, కాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. రోజూ సాయంత్రం వీధి కుళాయి దగ్గర పున్నమ్మని బండ మీద కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా ఆమె కాళ్ళు, చేతులు మజ్జిగతో కడిగేవాడు. "ఒరేయ్, మా ఆడోళ్ళు కూడా అడగతన్నార్రా, మా కొంపలు ముంచమాక," అని మగవాళ్ళు తిట్టేవారు. పున్నమ్మ సిగ్గుతో కొంగు మొహాన కప్పుకునేది గాని కాళ్ళు వెనక్కి తీసుకునేది కాదు. ఆట పన్నెండు రోజులు సాగింది.

పదమూడో రోజు శుక్రవారం. మిరపకి తామర పురుగు తగిలి ఆకు ముడుచుకుపోతోందని రైతు గట్టి మందు తెచ్చాడు, అందులో ఇంకోటి కలిపించాడు. అంకమ్మరావు, ఏసోబు పక్కపక్క సాళ్ళలో కొడుతున్నారు. ఏసోబు పంపు మూత దగ్గర వాషరు పోయి మందు కారుతోంది. వీపంతా తడిసి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"అల్లుడూ, వీపు తడుస్తందిరా," అన్నాడు అంకమ్మరావు.

"చల్లగానే ఉందిలే మావా. ఏసీ."

పొద్దున పది గంటలు దాటేసరికి ఏసోబు సాలు మధ్యలో ఆగిపోయాడు. పంపు దించి గట్టు మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. నోట్లో నుంచి చొంగ తీగలా సాగుతోంది. ఒళ్ళంతా చెమట. కళ్ళ పాపలు ఆవగింజంత అయిపోయాయి. పక్క చేలో కాయ కోస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, ముందు పున్నమ్మ. వాళ్ళని తీసుకొచ్చిన జాన్ బాషా ఆటో డొంకలోనే ఉంది. అతను అప్పటికే స్టార్టు చేశాడు.

"ఎక్కించండయ్యా, వినుకొండ పోదాం!"

ఏసోబు తల అడ్డంగా ఊపాడు. "ఆటో వద్దు. మావని లేపినోడు నన్ను లేపడా? ప్రార్థన చెయ్యి మావా."

పున్నమ్మ అంకమ్మరావు వైపు తిరిగింది. మొగుడి తల ఆమె ఒళ్ళో ఉంది.

"బాబాయ్, నువ్వు చెప్పు. నీకూ ఇట్టాగే అయిందిగా. ఆస్పత్రి లేకుండానే లేచావుగా. పోదామా, ప్రార్థన చేద్దామా? నువ్వేమంటే అది."

పదిహేనుమంది ఆడవాళ్ళు అతని నోటి వంక చూస్తున్నారు. జవాబు అతని నాలుక చివర ఉంది. నాకు అట్టా కాలేదమ్మా, నన్ను ఆస్పత్రికే తీసుకుపోయారు, ముందు ఈ చొక్కా విప్పండి. పన్నెండు మాటలు కూడా లేవు. గాలిలో నుంచి కోడిపుంజుల్ని పుట్టించినవాడికి అదొక పనా? కానీ ఆ మాటలు బయటికి వస్తే ఏడేళ్ళ స్తోత్రాలు, ఒంగోలు మైకు, తెల్లచొక్కా, మొదటి వరస, అన్నీ ఆ సాలులోనే కుప్పకూలతాయి. అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. చీటీ తగిలింది. మౌనం. ఇది ప్రభువు గుణమే కదా, నాకు ఇచ్చిందే కదా అని లోపల ఎవరో అన్నారు. ఆ గొంతు ప్రభువుది కాదని అతనికి అప్పుడు కూడా తెలుసు.

అతను మోకాళ్ళ మీద కూర్చుని ఏసోబు వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. ఆడవాళ్ళందరూ చేతులు వేశారు, ఆ తడి చొక్కా మీదే.

నలభై నిమిషాలు. ప్రార్థన మధ్యలో ఒకసారి "పోనీ ఆస్పత్రికి కూడా పోదాంలే" అని గొణిగాడు. ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదు. వినపడేలా చెప్పడం అతనికి చేతకాక కాదు.

చివరికి ఏసోబుకి మూర్ఛ వచ్చి కాళ్ళు కొట్టుకోవడం మొదలైతే, జాన్ బాషా ఆడవాళ్ళని తోసుకుంటూ వచ్చాడు. "దేవుడు ఆటోలోకి రాడా? అక్కడ చేసుకోండి!" అని అరిచి, మనిషిని భుజాన వేసుకుని ఎక్కించాడు. వినుకొండ ఆస్పత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టగానే డాక్టరు మొదట అడిగిన మాట, "ఈ చొక్కా ఇంకా ఒంటి మీదే ఉందేంటి?"

సాయంత్రం నాలుగింటికి ఏసోబు పోయాడు.

మట్టి చేసిన తర్వాత అంకమ్మరావు పనిలోకి పోలేదు. తిండి తిన్నాడు, పడుకున్నాడు, ఎవరన్నా పలకరిస్తే తలూపాడు. చీటీ భలే పనిచేసిందని వీధిలో ఒకరిద్దరు అనుకున్నారు. గురవమ్మ మూడు రోజులు చూసి, నాలుగో రోజు గిన్నెలు తోముతూ మొహం ఎత్తకుండా అంది.

"నేను చేలో ఉంటే చెప్పేదాన్నా, అని నన్ను నేనే అడగతన్నా. తెలవట్లేదు. ఏడేళ్ళు విని విని ఆ గద్దని నేను కూడా చూశాననిపిస్తందయ్యా."

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకునేగా ఇందాకా వచ్చింది."

అతను ఊరుకోగలిగేవాడే. మనుషులు ఇంతకన్నా పెద్దవి కూడా కడుపులో పెట్టుకుని నిద్రపోతారు. కానీ పున్నమ్మ ఊరుకోలేదు. ఆమె ఎవరినీ తిట్టలేదు. అన్నం ముందు పెడితే కదిలించుకుంటూ కూర్చునేది. వచ్చిన ప్రతి మనిషినీ ఒకటే అడిగేది. "ప్రభువు దగ్గర బాబాయికి ఉన్న చోటు మాకెందుకు లేదు? నా ప్రార్థనలో ఏం తక్కువయింది? మొన్న ఆదివారం నేను మందిరానికి ఆలస్యంగా వచ్చా, అందుకా?" గురవమ్మ వచ్చి ఈ మాట చెప్పినప్పుడు అంకమ్మరావు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ప్రేమ్‌చంద్ గారు చెప్పింది అప్పుడు పూర్తిగా అర్థమయింది. ప్రభువు నోరు తెరవక తను పోయాడు, జనం మిగిలారు. నేను నోరు తెరవక నేను మిగిలాను.

పదో రోజు, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక. ఏసోబు ఇంటి ముందు షామియానా, మైకు. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. వచ్చిన పెద్దల్లో ఒకాయన, కుటుంబానికి ధైర్యం కలిగేలా అంకమ్మరావుగారు పంపు సాక్ష్యం చెప్పాలన్నారు. ప్రేమ్‌చంద్ గారు ఇబ్బందిగా పున్నమ్మ వైపు చూశారు. ఆమె తలూపింది.

"చెప్పమనండి. వింటా. బాబాయిని లేపిన దేవుడున్నాడని వింటే చాలు నాకు."

అంకమ్మరావు మైకు పట్టుకున్నాడు. తెల్లచొక్కా వేసుకోలేదు.

"దర్శి అవతల చేను," అన్నాడు. నోరు ఆ దారికి అలవాటు పడిపోయింది. "మిట్టమధ్యాన్నం. వీపున పంపు. పడ్డా."

"స్తోత్రం," అన్నారు జనం.

"మా గురవమ్మ ప్రార్థన చేసింది."

"స్తోత్రం!"

"చేసి, ట్రాక్టరు ఆపింది. నన్ను ఆస్పత్రిలో వేశారు."

ఒకరిద్దరు అలవాటుగా స్తోత్రం అని, సగంలో ఆపారు.

"నా చొక్కా కోసేశారు. సబ్బు పెట్టి ఒళ్ళు కడిగారు. సూదులు పొడిచారు. మూడు రోజులు. బుధవారం నుంచి శనివారం దాకా. గద్ద లేదు. చీమల్లేవు. మిగిలిన సాళ్ళు నేను కొట్టలేదు. ఈ మూడు రోజులు మీకెవరికీ నేను చెప్పలేదు. ఏసోబు అడిగితే చెప్పలేదు. పున్నమ్మ అడిగితే చెప్పలేదు."

మైకు గుయ్యిమంది. ఎవరూ దాన్ని సరిచేయలేదు. మందిరం పెద్ద ఒకాయన లేచి ఏదో అనబోతే, ప్రేమ్‌చంద్ గారు చెయ్యెత్తి కూర్చోబెట్టారు. పున్నమ్మ చాప మీద నుంచి లేచింది. కేకలు వేస్తుందనుకున్నారు. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"చొక్కా విప్పాలని నీకు తెలుసా బాబాయ్?"

"తెలుసమ్మా."

"అప్పుడే తెలుసా? తర్వాత తెలిసిందా?"

"అప్పుడే తెలుసు."

"అయితే నా ప్రార్థనలో తక్కువేం లేదు."

"లేదమ్మా. నీ ప్రార్థనలో ఏం తక్కువ లేదు."

"సరే. ఇంకెప్పుడూ మా గడపలోకి రామాక."

అతను మైకు కింద పెట్టి వెళ్ళిపోయాడు. గురవమ్మ లేచి అతని వెనకే నడిచింది. ఆ రోజు ఆ ఇంట్లో వడ్డించిన అన్నం పున్నమ్మ తిన్నదని తర్వాత తెలిసింది.

పండగనాడు చీటీలు తిరిగిచ్చారు. కొందరు చేశామన్నారు, కొందరు చెయ్యలేదన్నారు, ఒకాయన చీటీ గేదె తినేసిందన్నాడు. పున్నమ్మ తన చీటీని పాస్టరుగారి చేతిలో పెట్టి, "ఇది నా వల్ల కాదు పాస్టరుగారూ. ఇంకెవరికన్నా ఇయ్యండి," అంది. ఆయన దాన్ని గిన్నెలో వేయలేదు. "నా దగ్గరే ఉంటుందిలేమ్మా," అని కొలతల పుస్తకంలో పెట్టుకున్నారు. అంకమ్మరావు తన చీటీ ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

అంకమ్మరావు ఇప్పుడు మందిరంలో వెనక, చెప్పుల దగ్గర కూర్చుంటాడు. సాక్ష్యాలకి పిలిచేవాళ్ళు లేరు. గుసగుసలాడేవాళ్ళు మాత్రం బోలెడు మంది. "అబద్ధం ఏడేళ్ళు, నిజం ఏడు నిమిషాలు" అని కుళాయి దగ్గర వెక్కిరిస్తారు. అతను పడతాడు. ఎదురు మాట చాలాసార్లు నోటిదాకా వస్తుంది, పైగా మంచిదే వస్తుంది. మింగుతాడు. మొదటి ఆదివారం ప్రభు బల్ల ఇచ్చేటప్పుడు, మనసులో ఎవరి మీదన్నా పగ ఉన్నా, ఎవరికన్నా చేసిన కీడు తీరకుండా ఉన్నా రొట్టె ముట్టకూడదని ఆ సంఘంలో కట్టడి. పళ్ళెం అతని దాకా వస్తుంది. ముట్టకుండా పక్కకి ఇస్తాడు. ఆడవాళ్ళ వైపు పున్నమ్మ కూడా ముట్టకుండా పక్కకి ఇస్తుంది. మందిరంలో అంతమందిలో ఆ ఇద్దరే.

పనికి మళ్ళీ పోతున్నాడు. వేరే పని రాదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటాడు, నిండు చేతుల చొక్కా వేసుకుంటాడు. డబ్బా మీద మనిషికి తమ్ముడిలా తయారవుతాడు. ఎక్కడికి పోయినా గట్టు మీద రెండు పెద్ద క్యాన్ల నీళ్ళు, ఒక సబ్బు ముక్క పెట్టాకే పంపు ఎత్తుతాడు. పక్క సాళ్ళలో కొట్టేవాడి వాషరు వేలుపెట్టి చూస్తాడు. కొత్త రైతులు, "ఏందయ్యా, స్నానానికొచ్చావా పనికొచ్చావా?" అని నవ్వుతారు.

మళ్ళీ మిరప పూతకొచ్చిన కాలంలో ఒక రోజు, పక్క చేలో సొంతానికి మందు కొట్టుకుంటున్న కౌలు రైతు మీరా హుస్సేన్ కాళ్ళు వణికి కూలబడ్డాడు. చుట్టూ చేరినవాళ్ళు నీళ్ళు తాగించమన్నారు, మజ్జిగ తాగించమన్నారు, ఒకామె ప్రార్థన ఎత్తుకుంది. అంకమ్మరావు వాళ్ళ మధ్యలో నుంచి దూరాడు. రెండు చేతులతో పడినవాడి చొక్కా పట్టుకుని చించాడు. సబ్బు, నీళ్ళు. అప్పుడు అరిచాడు, కల్లాల దాకా వినపడేలా. "జాన్ బాషా! ఆటో! అమ్మా, నువ్వు ప్రార్థన ఆపమాక, ఆటోలో కూర్చుని చెయ్యి!"

మీరా హుస్సేన్ ఐదో రోజు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ ఆదివారం పాస్టరుగారు వెనక వరసలోకి చూసి, "చెబుతారా?" అని అడిగారు. అంకమ్మరావు కూర్చునే చెప్పాడు.

"ఆటో తోలింది జాన్ బాషా. సూది వేసింది డాక్టరుగారు. ప్రార్థన చేసింది ఆ అమ్మ. నేను చొక్కా విప్పా."

పంపు సాక్ష్యానికి గంట పట్టేది. ఇది నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఎవరు ముందు స్తోత్రం అనాలో తెలియక అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే పక్కన ఎవరో ఆగారు. పున్నమ్మ. కూలికి పోయి పోయి చేతులు మిరప మంటకి ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఆ చేతులు కడిగేవాడు లేడు. ఆదరణ కూడిక నాటి నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా అతని మొహం వైపు చూడలేదు.

"ముందే విప్పావా?" అంది.

"ముందే విప్పానమ్మా."

తన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మరుసటి నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఎప్పటిలాగే చేతులు మారుతూ వచ్చింది. అంకమ్మరావు తన వైపు వచ్చినదాన్ని ముట్టకుండా పక్కకి ఇచ్చి తలెత్తాడు. ఆడవాళ్ళ వైపు పళ్ళెం పున్నమ్మ చేతిలో ఉంది. పక్కనున్నామె చేతులు చాచి ఎదురుచూసేంత సేపు అక్కడే ఉంది. తర్వాత ఆమె ముట్టకుండానే పక్కకి ఇచ్చింది.